పేరు రాయని బండముక్క

మా వంటింట్లో పాత బండలు తీసేసి కొత్తవి వేయిస్తున్నాం. వారం రోజులుగా ఇల్లంతా రాతి పొడి. తీసిన ముక్కలన్నీ పెరట్లో కుప్ప పోశారు. మొన్న మధ్యాహ్నం దుమ్ము లేవకుండా పనమ్మాయి వాటి మీద బకెట్ నీళ్లు చల్లింది. ఎండకు కాగిన తాండూరు బండ తడిసినప్పుడు ఒక వాసన వస్తుంది. మట్టి వాసనా కాదు, సున్నం వాసనా కాదు, ఆ రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. చేస్తున్న పని వదిలేసి పెరట్లోకి వెళ్లి, అరచేయంత ముక్కలు కొన్ని ఏరి కొంగుతో తుడుచుకున్నాను. అవేం చేసుకుంటారమ్మా అని మేస్త్రీ నవ్వాడు. వ్యాసం రాసుకుంటానంటే ఇంకా నవ్వేవాడు.

నిజానికి నేను వ్యాసం రాయడం నేర్చుకున్నది బండముక్కల మీదే. ముప్పై ఏళ్ల పైచిలుకు కాలేజీలో చరిత్ర చెప్పాను. ఎవరి వ్యాసం చేతికొచ్చినా ముందు అందులో చెప్పదలచుకున్న మాటేమిటని నిలదీసేదాన్ని. పిల్లలు వెనకాల నన్ను 'వ్యాసం మేడమ్' అనుకునేవారు. వినబడనట్టు నటించేదాన్ని కానీ లోపల సంతోషంగానే ఉండేది. ఆ పేరు నాకు దక్కాల్సింది కాదు, మా ఖలీల్ సార్‌కు దక్కాల్సింది. ఈ సంగతి రాయాల్సిన రోజున, రాయాల్సిన చోట రాయలేదు. అరవై ఏళ్లు ఆలస్యంగా ఇప్పుడు రాస్తున్నాను.

ఖలీల్ సార్ తాండూరు బడిలో మాకు చరిత్ర చెప్పేవారు. సొంతూరు బంట్వారం పక్కన ఒక పల్లె. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది, తొలి ఉద్యోగం కూడా ఉర్దూలో పాఠాలు చెప్పడమే. నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయింది, బళ్లో భాషా మారింది. ముప్పై దాటిన వయసులో ఆయన ఒకటో తరగతి వాచకం ముందేసుకుని తెలుగు అక్షరాలు దిద్దారు. గుణింతాలు తప్పితే తన విద్యార్థులే దిద్దేవారని ఆయనే చెప్పి నవ్వేవారు. మేం ఆయన తరగతికి వచ్చేసరికి దాదాపు పదేళ్లు గడిచాయి. మాట్లాడితే అచ్చం మాలాగే మాట్లాడేవారు. బోర్డు మీద రాస్తే మాత్రం చిన్నపిల్లల రాత. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కొక్కటీ ఆలోచించి పెట్టినట్టు విడివిడిగా ఉండేవి. ఆయన అటు తిరిగి రాస్తుంటే మేం బెంచీల్లో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లం. నేనూ నవ్వాను. ఆయనకు తెలిసే ఉంటుంది.

అప్పట్లో వ్యాసాల్లో నన్ను మించినవాళ్లు లేరని నాకో నమ్మకం. ఏ విషయం ఇచ్చినా నా దగ్గర మూడు పేజీలు తయారుగా ఉండేవి. 'మానవుడు సంఘజీవి' అని మొదలుపెట్టేదాన్ని, మధ్యలో నాలుగు సమాసాలు పోసేదాన్ని, చివర 'కావున మనమందరమును పాటుపడుదుము గాక' అని ముగించేదాన్ని. గ్రంథాలయాలైనా సరే, వర్షాలైనా సరే, మానవుడు మాత్రం సంఘజీవే. తొమ్మిదో తరగతిలో ఒకరోజు సార్ బోర్డు మీద ఒక ప్రశ్న రాశారు. 'బండల వల్ల మన ఊరికి ఏమైంది?' నేను నాలుగు పేజీలు నింపి అందరికన్నా ముందు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన అక్షరాల కింద వేలు పెట్టుకుంటూ నిదానంగా చదివారు. తరగతి మొత్తం ఎదురుచూస్తోంది.

"మంచిగున్నది బిడ్డా," అన్నారు. "గిప్పుడు కాయితం చూడకుండ చెప్పు. గీ నాలుగు పేజీలల్ల నువ్వు చెప్పిన మాటేంది? ఒక్కటే మాట చెప్పు."

 ఎంత వెతుక్కున్నా మానవుడు తప్ప ఏమీ తగల్లేదు. ఆయన కోప్పడలేదు, కాగితాలు తిరిగి ఇచ్చి, రేపు అందరూ తలా పది బండముక్కలు తెమ్మన్నారు. తాండూరులో బండముక్కలకు కరువేముంది, నడిచే దారంతా అవే. పైగా మా నాయిన గనిలో బండలు చీల్చే పనివాడు. మర్నాడు వసారాలో అందరం చతికిలబడ్డాం. ఒక ముక్క మీద సుద్దతో ఒకటే సంగతి రాయాలి, అదీ నాలుగు మాటలు దాటకూడదు. మొదటి ముక్క మీద ప్రశ్న, రెండో దాని మీద నీ జవాబు. తర్వాత ఆ జవాబు ఎందుకు నిజమో చెప్పే ముక్కలు, ఒక్కోదాని పక్కన నువ్వు చూసిందో, విన్నదో, చదివిందో ఒక ఆధారం. అన్నీ నేల మీద వరుసగా పరిచి, పక్కనే నడుస్తూ పైకి చదవాలి. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు వెళ్లేటప్పుడు తడబడితే అక్కడేదో లోటుంది, లేదా వరుస తప్పింది. నా వరుస దగ్గరికి వచ్చి సార్ 'మానవుడు సంఘజీవి' ముక్కను పైకెత్తి, ఇది తీసేస్తే ఏమైనా పోతుందా అని అందరినీ అడిగారు. పోదన్నారు. గోడ అవతలికి విసిరేశారు. ఆ పిల్లల నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇన్ని కాగితాలు ఉండగా ఈ బండల గోల ఎందుకని ఉక్రోషంగా అడిగాను. ఆయన చెప్పిన జవాబు తర్వాత నా విద్యార్థులందరికీ చెప్పాను, నా సొంత మాటలా చెప్పాను. కాయితం మీద రాసినంక దాని మీద మనకు ప్రేమ పుడుతుందట, కొట్టెయ్యబుద్ధి కాదట. బండ మీదిది అరచేత్తో తుడిస్తే పోతుంది. అందుకని వరుస కుదిరేదాకా కలం ముట్టనిచ్చేవారు కాదు.

వరుసలో ఆఖరి ముక్క ఒకటి ఉండేది. దాని గురించి చెప్పేటప్పుడు సార్ నన్నే లేపారు.

"మీ నాయిన బండ చీల్చినంక దాని మీద ఏం పెడ్తడు?"

"ఎర్రమట్టి జాజుతోటి గుర్తు పెడ్తడు సార్. ఎవరు చీల్చిన్రో తెల్వాలె గద."

"ఇంట్ల పరిచినప్పుడు గా గుర్తు కిందికి పోతది. ఎవ్వరికి కనిపియ్యది. అయినా మీ నాయిన పెడ్తడు. మాట గూడ గంతే బిడ్డా. ఎవరి దగ్గర దొరికిందో ఆఖరి ముక్క మీద రాయాలె."

మేం రాశాం. నేను మా నాయిన పేరు రాశాను, ఇంకో అమ్మాయి వాళ్ల తాత పేరు రాసింది. ఆ వ్యాసం ఒక పేజీకి మించలేదు. కానీ అందులో ఏముందో ఎవరు అడిగినా ఒక్క మాటలో చెప్పగలిగాను.

బడి చదువు అయ్యాక నన్ను హైదరాబాదు కాలేజీకి పంపడం మా నాయినకు ఇష్టం లేదు. సార్ మా ఇంటికొచ్చి నులకమంచం మీద గంటసేపు కూర్చుని ఒప్పించారు. ఏం చెప్పారో నాకు వినబడలేదు, లోపల ఉన్నాను. ఆయన వెళ్లాక నాయిన, "సార్ చెప్పిండంటె ఇగ నాదేమున్నది," అన్నాడు. అలా నేను పట్నం చేరాను. కొన్నాళ్లకే సార్‌కు వికారాబాదు బదిలీ అయింది. బదిలీ సామానులో కట్టెపెట్టె నిండా బండముక్కలు చూసి బండివాడు తిట్టుకున్నాడట.

పట్నంలో మొదటి ఏడాది నేను నోరు విప్పలేదు. ఒకసారి 'గిట్ల' అన్నందుకు హాస్టల్లో వారం రోజులు ఆ మాటతోనే పిలిచారు. మెల్లగా వాళ్లలా మాట్లాడటం నేర్చుకున్నాను, ఎంత బాగా నేర్చుకున్నానంటే సెలవులకు ఊరికి పోతే అమ్మ నన్ను చుట్టాన్ని చూసినట్టు చూసేది. బి.ఏ. చివరి ఏడాది చరిత్ర లెక్చరర్ గారు అందరినీ ఒక పెద్ద వ్యాసం రాయమన్నారు. అన్నిటికన్నా మంచిదాన్ని సభలో చదివిస్తారు, కాలేజీ సంచికలో అచ్చు వేస్తారు. రైలు వచ్చాక తాండూరు బండల పని ఎలా మారిందన్నది నేను ఎంచుకున్న ప్రశ్న. ఎంచుకున్నాక నా దగ్గర ఏమీ లేదని తెలిసింది. రైలెక్కి వికారాబాదు వెళ్లాను.

సార్ ఇల్లు అనంతగిరికి పోయే తోవలో, రెండు గదుల అద్దె ఇల్లు. నా ప్రశ్న వినగానే ఆయన లేచి, గూట్లోంచి ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం తీశారు. వయసులో ఉన్నప్పుడు సెలవు రోజుల్లో గనుల వెంట తిరిగి, ముసలి పనివాళ్ల పక్కన కూర్చుని వాళ్లు చెప్పిందంతా ఉర్దూలో రాసుకున్నారట. ఎవరూ అడగలేదు, ఎవరికీ చూపించలేదు. ఆయన ఉర్దూలో చూస్తూ తెలుగులో చెబుతుంటే నేను బండముక్కల మీదికి ఎక్కించాను. రెండు ఆదివారాలు అదే పని.

రైలు వచ్చింది, వ్యాపారం పెరిగింది, ఊరు బాగుపడింది అని రాద్దామనుకుని వెళ్లినదాన్ని నేను. నోటుపుస్తకంలో ఒక ముసలాయన వేరే చెప్పాడు. మునుపు రైతులే కోతలయ్యాక ఎండాకాలం బండలు చీల్చేవారు, రైలు వచ్చాక వానాకాలంలో కూడా సుత్తి ఆగలేదు, పొలాలు బీడుపడ్డాయి. నేను సంబరంగా జవాబు ముక్క తుడిచి, 'రైలు రైతును గనికి తోలింది' అని రాశాను. ఇంకో పది పేజీల తర్వాత మరో ముసలాయన తగిలాడు. రైలు కాదు, ఏమీ కాదు, వరసగా వానలు లేక పొలాలు వదిలామని ఆయన మాట. నా జవాబుకు అది అడ్డం. చడీచప్పుడు లేకుండా ఆ ముక్కను పెట్టెలో వెయ్యబోతే సార్ చూశారు.

"గది దాస్తే నీ వ్యాసం నిలువది బిడ్డా. నిన్ను కాదనేటోణ్ని కూసోబెట్టి చాయ్ పొయ్యాలె. ఆయన మాట మొత్తం ఇన్నంక నీ మాటల ఏం మిగుల్తదో, గదే నీది."

సాయంత్రం దాకా ముక్కలు ఇటువి అటు, అటువి ఇటు జరిపాం. చివరకు ఒక మాట మిగిలింది. వాన లేక పొలం వదిలినవాడు మునుపు వాన పడగానే తిరిగి వచ్చేవాడు, రైలు వచ్చాక తిరిగి రాలేదు. ఆ మాట ముందు ఎవరి నోటి నుంచి వచ్చిందో నాకు బాగా గుర్తుంది. సార్ చాయ్ కప్పు కింద పెడుతూ అన్నారు, నేను రాసుకున్నాను.

వ్యాసం తయారైంది. ఆఖరి పేజీలో ఖలీల్ సార్ పేరు, ఆయన నోటుపుస్తకం సంగతి వివరంగా రాశాను. లెక్చరర్ గారు మంచి మనిషి, శ్రద్ధగా చదివారు. చదివి, ఈ నోటుపుస్తకం ఎవరిది, ఎవరైనా చూడాలంటే ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. వికారాబాదులో మా సార్ ఇంట్లో ఉంది, కావాలంటే తెస్తానని చెబితే అయిపోయేది. నా పక్కన పట్నం అమ్మాయిలు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆ క్షణాన నాకు బోర్డు మీద ఆ పెద్ద పెద్ద అక్షరాలు కళ్ల ముందుకొచ్చాయి. ఈ నోటుపుస్తకం తెస్తే, ఆ ఉర్దూ చదివి చెప్పడానికి ఆయనా వస్తారు, ఆయన తెలుగు వీళ్లు చూస్తారు, నా గురువు ఈయనా అనుకుంటారు. సిగ్గేసింది. ఊళ్లో పెద్దవాళ్లు చెప్పుకునే మాటలు సార్ అన్నాను. అయితే అలాగే రాయమ్మా అన్నారాయన. నా కలంతో నేనే పేరు కొట్టేసి, 'స్థానిక వృద్ధుల కథనం' అని రాశాను.

నా వ్యాసమే మొదటిదిగా నిలిచింది. సభలో చదివాను, చప్పట్లు కొట్టారు, అచ్చయింది. సెలవులకు సంచిక పట్టుకుని ఇంటికి వెళ్లాను. మా నాయినకు చదువు రాదు. పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని కాగితం నునుపు చూసుకున్నాడు, నా పేరు ఎక్కడుందో అడిగి వేలితో తడిమాడు. తర్వాత అడిగాడు.

"సార్ పేరు ఏడున్నది బిడ్డా?"

లేదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఏదో ఒక వరుస మీద వేలు పెట్టాను. అది సరుకు పెట్టెలు రైలెక్కే సంగతి. సుత్తి దెబ్బలకు గోరు చితికిన తన వేలిని నాయిన ఆ వరుస మీద పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. నా బతుకులో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి, ఇది తలుచుకున్నప్పుడు మాత్రం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా తల వంచుకుంటాను.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. నాలుగు రోజులకు నాయిన నాతో చెప్పకుండా సంచికను తువ్వాలలో చుట్టుకుని రైలెక్కి వికారాబాదు వెళ్లాడు. సార్ చేతిలో పెట్టి, మీ పేరు గూడ పడ్డది సార్, నా కండ్లార చూసిన అని చెప్పి వచ్చాడు. వచ్చి నాతో ఆ మాట ఎంతో గర్వంగా చెప్పాడు. పట్నం పోయేటప్పుడు దిగి కలిసి పొమ్మన్నారని కూడా చెప్పాడు.

దిగాను. దిగకుండా పోదామని వికారాబాదు వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నాను. గదిలో నేల మీద బండముక్కలు ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా పరిచి ఉన్నాయి. సార్ నా వ్యాసం మొత్తం చదివి, ఒక్కో పేరాలో ఏముందో ఒక్కో ముక్క మీద రాసి, అచ్చయిన దాన్ని వెనక్కి బండల మీదికి ఎక్కించారు. బోర్డు మీద రాసే ఆ చిన్నపిల్లల రాతతోనే. వరుస వెంట నన్ను నడిపించి చదివించారు. కాదనేటోణ్ని మంచిగ కూసోబెట్టినవన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. గోడ దగ్గర చివరి ముక్క మీద ఏమీ రాసి లేదు.

"గిదొక్కటి రాయలేకపోయిన," అన్నారు. "నా పేరు ఉన్నదని మీ నాయిన చెప్పిండు. నాలుగు దినాల సంది దేవులాడుతున్న, నాకు దొరుకుతలేదు. నా తెలుగు గంతే గద బిడ్డా. ఏడున్నదో జర చూపెట్టు."

సంచిక నా చేతికి ఇచ్చారు. ఆ గొంతులో నిష్ఠూరం ఉందేమోనని ఇన్నేళ్లలో ఎన్నిసార్లు వెతికానో. లేదు. తన చదువు చాలకనే తన పేరు తనకు దొరకలేదని ఆయన నిజంగానే అనుకున్నారా, లేక నేను నిజం చెప్పడానికి ఒక దారి ఇచ్చారా, ఇప్పటికీ తేల్చుకోలేను. ఏదైనా నేను చేసింది ఒకటే.

"అచ్చుల పోయింది సార్," అన్నాను. పట్నం భాష జారిపోయి మా ఊరి మాటే వచ్చింది. "అచ్చోళ్లు ఇడిచిపెట్టిన్రు."

సార్ తల ఊపారు. వాళ్లకేం తెలుసు పాపం, ఫికర్ చెయ్యకు అన్నారు. వంగి ఆ ఖాళీ ముక్కను తీసి నా చేతిలో పెట్టి, మళ్లా అచ్చయినప్పుడు పెట్టు అన్నారు. రైలు వేళయింది. వాకిట్లో నిలబడి నేను మలుపు తిరిగేదాకా చూశారు.

ఆ తర్వాత ఒకటి రెండుసార్లు వెళ్లాను, ఆయన ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆ ఎత్తకపోవడమే భరించలేక వెళ్లడం మానేశాను. నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఆయన పదవీ విరమణ చేసి గుల్బర్గాలో కూతురి దగ్గరికి వెళ్లారు. పోయిన సంగతి కొన్ని నెలల తర్వాత మా నాయిన ద్వారా తెలిసింది. నోటుపుస్తకం కోసం ఆ కూతురికి ఉత్తరం రాశాను. ఇల్లు మారేటప్పుడు వానకు తడిసిపోయిన కాగితాల్లో అదీ పోయిందని, నాన్న మీ గురించి చాలా చెప్పేవారని జవాబు వచ్చింది. నా వ్యాసం మళ్లీ అచ్చు కాలేదు.

పోయిన నెల ఒక పరిశోధక విద్యార్థిని మా ఇంటికి వచ్చింది. ఎక్కడ సంపాదించిందో, నా పాత వ్యాసం నకలు చేతిలో ఉంది. పొలం వదిలినవాడు రైలు వచ్చాక తిరిగి రాలేదన్న వాక్యాన్ని తన అధ్యాయం మొదట్లో పెట్టుకుంది. దాని కింద నా పేరు ఉంది. ఆ మాట నాది కాదమ్మా అని మొత్తం చెప్పాను, కొట్టేసింది నేనేనని కూడా చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి చెప్పడం. ఆమె శ్రద్ధగా వింది. మంచి విద్యార్థిని కదా, చివరకు అడిగింది, ఆ నోటుపుస్తకం ఎవరైనా చూడాలంటే ఎక్కడ దొరుకుతుంది మేడమ్ అని. అప్పుడు చెప్పగలిగి ఉండీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనున్నా పుస్తకం లేదు. మరి ఆధారంగా ఏం చూపించమంటారు అని నొచ్చుకుంటూ అడిగింది. నా దగ్గర ఒక ఖాళీ బండముక్క ఉంది, దాన్ని ఎవరు ఒప్పుకుంటారు?

అందుకే ఇది రాశాను. పెరట్లో ఏరిన ముక్కలను వసారాలో పరిచి, సార్ చెప్పినట్టే వరుస పెట్టుకున్నాను. చిన్న వయసు, పట్నం భయం, అందరూ చేసేదే అని నా తరఫున వాదించేవాళ్ల మాటలు కూడా ఒక ముక్క మీద రాసి, కూర్చోబెట్టి పూర్తిగా విన్నాను. అంతా విన్నాక కూడా మిగిలింది ఒకటే, ఆ పేరు కొట్టేసింది నా చెయ్యే. బీరువాలోంచి ఆ పాత ముక్క తీసి ఈ రోజు దాని మీద సుద్దతో రాశాను. ఖలీల్ సార్, చరిత్ర ఉపాధ్యాయులు, తాండూరు, వికారాబాదు. మోకాళ్లు పట్టేసినా వంగి వరుస చివర పెట్టాను. ఆ అమ్మాయి ఇక తన అధ్యాయంలో ఈ రచనను చూపించుకోవచ్చు, సాక్షి ఒకప్పుడు అబద్ధం చెప్పిన మనిషని కూడా రాసుకోవచ్చు.

దీన్ని అచ్చు వేసేవారికి ఒక మనవి. మిగతా ఏ వాక్యం తీసేసినా నాకు అభ్యంతరం లేదు, ఆ పేరు మాత్రం ఉంచండి. అప్పుడు కూడా దాన్ని విడిచిపెట్టింది మీ అచ్చువాళ్లు కాదు. వాళ్ల చేతికి వెళ్లేసరికే అది అందులో లేదు.